ముప్పై ఏళ్ళ కాగితం

విద్యార్థినుల హాస్టల్, గచ్చిబౌలి
29 జూన్ 2025, ఆదివారం

గౌరవనీయులైన మామయ్యకు,
ప్రభువు నామమున వందనాలు.

ముందుగా నా మీద మీరు మోపిన అభియోగాన్ని మీ మాటల్లోనే రాస్తాను, తర్వాత దాన్ని మెలితిప్పానని అనకుండా. "ప్రణతి మన పిల్లలకు ప్రభువు ఇప్పట్లో రాడని నేర్పుతోంది. యవ్వనస్థుల కూడికలో కూర్చుని విశ్వాసం పునాది తవ్వుతోంది." ఈ ఉదయం ఆరాధన ముగిశాక, జనం గుమ్మంలో చెప్పులు వెతుక్కుంటుండగా, అందరికీ వినపడేలా మీరన్న మాట ఇది. నేను నోరు తెరవబోతే చెయ్యి అడ్డం పెట్టారు. "నీతో నోటితో మాట్లాడితే నా మాట పూర్తి కానివ్వవు. ఏదున్నా ఉత్తరం రాయి. ఉత్తరంలో మధ్యలో దూరలేవు" అన్నారు. ఫిల్మ్‌నగర్‌లో ఉన్న మేనమామకు గచ్చిబౌలి నుంచి తపాలా బిళ్ళ అంటించి ఉత్తరం రాసే మేనకోడలు ఈ నగరంలో నేనొక్కదాన్నే అయివుంటాను. కానివ్వండి. సంఘ పెద్ద ఆజ్ఞ.

జరిగింది చెబుతాను. అంత్యదినాల గురించి మన పిల్లలకు తెలిసింది ఒకే ఒక్క క్రమం: సంఘం మధ్యాకాశంలోకి ఎత్తబడుతుంది, తర్వాత ఏడేళ్ళ శ్రమలు, తర్వాత భూమి మీదకు ప్రభువు రాకడ, ఆపైన వెయ్యేళ్ళ పరిపాలన. ఇది మీ నమ్మకం. దాన్ని నేను తప్పనలేదు. అయితే అదే లేఖనాన్ని అంతే భక్తితో చదివి వేరే మాట చెప్పినవాళ్ళున్నారు. శ్రమలకు ముందు తప్పించుకోవడం లేదు, సంఘం ఆ నిప్పులోంచే నడిచి వెళ్ళి ప్రభువును ఎదుర్కొంటుంది అన్నవాళ్ళు ఉన్నారు. వెయ్యేళ్ళన్నది లెక్క కాదు, సంకేతం, క్రీస్తు పరలోకం నుంచి ఏలుతున్న ఈ కాలమే అది అన్నవాళ్ళు ఉన్నారు. సువార్త పులిసిన పిండిలా లోకమంతా మెల్లగా వ్యాపించి, నీతి చాలాకాలం వర్ధిల్లాక ఆయన వస్తాడు అన్నవాళ్ళూ ఉన్నారు. నాలుగు చీటీలు రాసి మడిచి పిల్లల ముందు వేశాను. ఎవరికి ఏ చీటీ వస్తే వాళ్ళు ఆ పక్షం వాదించాలి, సొంత నమ్మకంతో పని లేదు. మా కళాశాలలో వాదన నేర్పేది ఇలాగే. ఎదుటివాడి మాటను వాడికంటే బాగా చెప్పగలిగినప్పుడే దాన్ని కాదనే అర్హత వస్తుంది.

ఇందులో నేరం ఎక్కడుందో చూపించండి.

నేను మాత్రం ఒక నేరం చూపిస్తాను. మన మందిరం ఉన్న స్థలాన్ని దాని సొంతదారు పరబ్రహ్మం గారు ముప్పై ఏళ్ళ లీజుకు రాసిస్తానంటున్నారు. హిందువు అయివుండి, మన పాటలకు కిటికీ మూయకుండా ఇన్నాళ్ళు భరించి, ఇప్పుడు పక్కా కట్టడం కట్టుకోండి అంటున్నారు. ఆయన అడిగింది ఒక్కటే: ఆషాఢంలో సంతకాలు వద్దు, శ్రావణం రాగానే పెట్టుకుందాం అని. సంఘ పెద్దగా ఆ సంతకం పెట్టాల్సింది మీరు. మీరు పెట్టనంటున్నారు. శ్రావణం మొదటి సోమవారం దాటితే ఆయన ఆ స్థలం గోదాముకు ఇచ్చేస్తారు. అప్పుడు సంఘం ఎక్కడ కూడుతుంది? మధ్యాకాశంలోనా?

సమాధానం కోరుతూ,
మీ మేనకోడలు
ప్రణతి

*

ఫిల్మ్‌నగర్
3 జూలై 2025

చిరంజీవి ప్రణతికి మామయ్య ఆశీస్సులు. ప్రభువు కృప నీకు తోడైయుండును గాక.

నీ ఉత్తరం అందింది. రెండుసార్లు చదివాను. నీ దస్తూరీ అచ్చం మీ అమ్మదే. కోపం వచ్చినప్పుడు మీ అమ్మ కూడా అక్షరాలు ఇలాగే గుండ్రంగా రాసేది.

ఇక్కడ పని ముమ్మరంగా ఉంది. వరదలో మునిగిన ఊరు సెట్టు వేస్తున్నాం. నీళ్ళలో మునిగినట్టు కనిపించాల్సిన ఇళ్ళన్నీ నిజం వానకే నానిపోతున్నాయి. ఆర్ట్ డైరెక్టరు కుర్రాడు నెత్తి పట్టుకుని, "వరప్రసాద్ గారూ, మనం వేసింది వరద సెట్టు కదా, వరద రాకుండా చూడండి" అంటాడు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

చీటీల సంగతి నాకు తెలియదు. నాకు తెలిసింది నీలమ్మ చెప్పింది. పోయిన వారం బుధవారం పొద్దున్నే రహమత్ నగర్ నుంచి పరుగున వచ్చింది. "అన్నా, మా సుహాస్ గాడు అద్దం ముందర నిలబడి చేతులు ఊపుకుంట ప్రభువు గిప్పుడే రాడు, గింకా శాన కాలముంది అని గట్టిగ చెప్తుండు. ఏందిరా అంటే ప్రణతక్క చెప్పమన్నది అంటుండు. జర నువ్వు చూడన్నా, పోరడు చెయ్యి దాటిపోతుండు" అంది. భర్త పోయాక ఆ పిల్లాడే ఆమెకు లోకం. నిన్ను అడిగి అనాల్సింది. అడగకుండా అన్నాను. అక్కడివరకు నువ్వు నెగ్గావు, రాసుకో.

కాగితం సంగతికి వస్తే, నువ్వు లాయరు చదువుతున్నావు గనుక నీకు కాగితం అంటే కాగితం. నాకు అలా కాదు. ఆ మందిరం ఎలా వచ్చిందో నీకు తెలుసు. ఏదో సినిమాలో పెళ్ళి సీను కోసం నేనే దగ్గరుండి వేసిన చర్చి సెట్టు అది. ప్లైవుడ్డు, ప్లాస్టర్ ఆఫ్ పారిస్, పైన థర్మకోల్ సీలింగు. షూటింగ్ అయిపోయాక పీకేసే రోజున పరబ్రహ్మం గారు, "ఉండనివ్వండయ్యా, అందంగా ఉంది" అన్నారు. మనం చేరాం. అంతవరకు బాగానే ఉంది. డేరాలో ఉన్నట్టు ఉన్నాం, ఆయన పిలిస్తే లేచి పోతాం.

ఇప్పుడు ముప్పై ఏళ్ళు అని రాసి నా చేత్తో సంతకం పెడితే, ప్రభువు ముప్పై ఏళ్ళ దాకా రాడని నేను సంతకం పెట్టినట్టే. అది నా వల్ల కాదు.

ఈ శనివారం యవ్వనస్థుల కూడిక లేదు. పిల్లలకు చెప్పాను.

భోజనం వేళకు చెయ్యి.
నీ మేలు కోరే
మామయ్య

*

గచ్చిబౌలి
7 జూలై 2025

మామయ్యకు వందనాలు.

అప్పుడే అక్షరాలు గుండ్రంగా ఉన్నాయనుకుంటే, ఇప్పుడు చూడండి.

నా కూడిక ఆపేశారు. కారణం చెప్పలేదు. వాదనలో ఓడినవాడు వేదిక తాళం తీసుకుని వెళ్ళిపోవడం నేను కళాశాలలో చూశాను, సంఘంలో చూస్తాననుకోలేదు. మీ ఉత్తరంలో "నువ్వు నెగ్గావు, రాసుకో" అన్న వాక్యం కిందే ఆ మాట రాయడానికి మీకు చెయ్యి ఎలా వచ్చింది?

ఇక మీ వాదన. కాలపరిమితి ఉన్న ప్రతి సంతకమూ రాకడను వాయిదా వేయడమే అయితే, నిరుడు మీరు స్కూటరు లైసెన్సు ఐదేళ్ళకు పొడిగించుకున్నారు. అంటే ఐదేళ్ళు ప్రభువు రాడని రవాణా కార్యాలయంలో ఒప్పుకుని వచ్చారన్నమాట. యూనియన్ కార్డు పునరుద్ధరించుకున్నారు. గోడకు కొత్త క్యాలెండరు తగిలించారు, డిసెంబరు పేజీ చించకుండానే. వచ్చే నెల మీరు వేయబోయే సెట్టుకు కాల్ షీట్లు ఇచ్చారు. వీటన్నిటిలో లేని అవిశ్వాసం ఒక్క మందిరం కాగితంలోనే ఎందుకు పుట్టింది?

ఆ దినమూ ఆ గడియా ఎవరికీ తెలియదని చెప్పిన ప్రభువే, యజమాని వచ్చేసరికి పని చేస్తూ కనిపించిన దాసుడు ధన్యుడన్నాడు. సంచి సర్దుకుని గుమ్మంలో కూర్చున్నవాణ్ణి ధన్యుడనలేదు. నాలుగు అభిప్రాయాల్లో మీది ఏదైనా కావచ్చు, నలుగురికీ ఈ మాట ఒకటే. మామయ్యా, బాధ కలిగినా రాస్తున్నాను: మీరు రాకడ కోసం ఎదురుచూడటం లేదు, బాధ్యత నుంచి తప్పుకుంటున్నారు. దానికి రాకడ అని పేరు పెట్టారు.

మందిరం కాగితం కావాలని పిల్లలు సంతకాలు సేకరించి సంఘంలో పెడతామంటున్నారని సుహాస్ ఫోన్ చేశాడు. వద్దనలేదు.

ప్రణతి

*

ఫిల్మ్‌నగర్
11 జూలై 2025

ప్రణతీ,

కూడిక ఆపింది నిన్ను శిక్షించడానికి కాదమ్మా. ఒకటో తారీఖు మంగళవారం వానకు మందిరం సీలింగు సగం ఊడి కుర్చీల మీద పడింది. ఎవరూ లేని వేళ కాబట్టి సరిపోయింది. ఆ మాట రాస్తే అందరికీ తెలిసి, ఇక మందిరంలో కూర్చోవడానికి భయపడతారని రాయలేదు. శనివారమంతా నిచ్చెన మీదే ఉన్నాను. నిన్న మళ్ళీ టార్పాలిన్ కట్టాను. పిల్లలు సంతకాలు సేకరిస్తుంటే నువ్వు నా మీదకు ఎగదోస్తున్నావనుకున్నాను. సుహాసే నీకు ఫోన్ చేశాడని నీ ఉత్తరం చూశాక తెలిసింది. ఈ ఉత్తరాల్లో ఒకరి మాట ఒకరికి అందేలోగా ఇద్దరం రెండు మైళ్ళు తప్పు దారిలో పోతున్నాం.

లైసెన్సు మాట నిజమే. క్యాలెండరూ నిజమే. జవాబు చెప్పలేక రెండు రోజులు తిరిగాను. చివరికి జవాబు దొరికింది. అది లేఖనంలో లేదు.

మీ అత్తయ్య పోయి రెండేళ్ళు దాటింది. సమాధి దగ్గర పాస్టరు గారు "త్వరలో కలుసుకుంటారు" అన్నారు. ఆ "త్వరలో" పట్టుకునే నేను పొద్దున్నే లేస్తున్నాను. పనికి పోతున్నాను, టీ పెట్టుకుంటున్నాను, ఒక్కడికి వండుకుంటున్నాను. ఈ సాయంత్రమే కావచ్చు, రేపే కావచ్చు అనుకుంటే ఏదైనా చెయ్యగలను. నాకు అరవై దాటాయి. ముప్పై అని రాసి సంతకం పెట్టమంటే, ఇంకో ముప్పై ఏళ్ళు ఆమె లేకుండా ఉంటానని రాసివ్వమన్నట్టుంది. స్కూటరు కాగితంలో ఆమె లేదు. మందిరం కాగితంలో ఉంది. ఆ మందిరంలో మొదటి రోజు ముగ్గు పిండితో సిలువ వేసింది తనే.

బాధ్యత తప్పించుకుంటున్నానన్నావు. అయ్యుండొచ్చు.

నువ్వు పిల్లలకు చీటీలు వేస్తావు కదా. నాకూ ఒకటి వెయ్యి. నీ చేతి చీటీ కూడా వద్దు, నేనే అడుగుతున్నాను: చాలా కాలం ఉంది, కట్టుకోవాలి అనే ఆ నాలుగో పక్షం నాకు ఇవ్వు. నువ్వు నా పక్షం తీసుకో. వచ్చే శనివారం పెద్దలూ పిల్లలూ అందరూ కూడతారు. ఎదుటివాడి మాట వాడికంటే బాగా చెప్పాలన్నావే, చెప్పు చూద్దాం. నేనూ ప్రయత్నిస్తాను.

మామయ్య

*

గచ్చిబౌలి
15 జూలై 2025

ప్రియమైన మామయ్యకు,

మీ ఉత్తరం గ్రంథాలయంలో విప్పాను. చదివాక పుస్తకాలు అక్కడే వదిలేసి బయటికి వచ్చి చాలాసేపు మెట్ల మీద కూర్చున్నాను. నా గత ఉత్తరంలోని చివరి పేరా వెనక్కి తీసుకుంటున్నాను. వాదన వెనక్కి తీసుకోవడం లేదు, మీ మీద వేసిన నిందను తీసుకుంటున్నాను. రెండూ వేరని మీకు తెలుసు.

మీ పక్షం ఒప్పుకుంటున్నాను. అయితే శనివారం నేను ఉండను. అంతర్ విశ్వవిద్యాలయ పోటీలకు రేపు విశాఖపట్నం వెళుతున్నాం, ఆదివారం గాని తిరిగి రాను. నా ప్రసంగం రాసి ఇందులో పెట్టాను. సుహాస్ చదువుతాడు. నీలమ్మ పిన్నికి ముందే చెప్పండి, లేకపోతే ఈసారి పోరడు రేపే లోకం అంతమైపోతుందంటున్నాడని మళ్ళీ పరుగెత్తుకొస్తుంది.

ఈ రెండు రోజులూ మీ పక్షం నుంచి చదివాను. నాకు తెలియంది ఒకటి కనబడింది. సంఘం ఎత్తబడుతుందని మీరు చూపించే ఆ మాట, దాని చుట్టూ ఎన్ని పటాలు గీశారు, ఎన్ని లెక్కలు కట్టారు! కానీ అది అపొస్తలుడు ఒక ఊరి సంఘానికి ఉత్తరంగా రాసిన మాట, లెక్కలు కట్టేవాళ్ళకు రాసింది కాదు. తమవాళ్ళను మట్టికిచ్చి, ఇక చూడబోమని కుమిలిపోతున్నవాళ్ళకు రాశాడు. మృతులు మొదట లేస్తారు, తర్వాత అందరం కలిసి ఆయనను ఎదుర్కొంటాం, ఈ మాటలతో ఒకరినొకరు ఓదార్చుకోండి అని. నేను దాన్ని ఇంతకాలం ఒక సిద్ధాంతంగానే చూశాను. మీకు రెండేళ్ళ కిందట అది ఉత్తరంగానే అందిందని మీ మాట చదివాక గాని అర్థం కాలేదు.

అదే ఊరికి అదే చేతితో రాసిన రెండో ఉత్తరంలో, రాకడ వచ్చేసిందని పనులు మానేసి కూర్చున్నవాళ్ళను ఆయన గట్టిగా గద్దించాడు. దాన్ని ప్రసంగంలో వాడలేదు. ఈ వారం నేను మీ న్యాయవాదిని. మీకు వ్యతిరేకంగా సాక్ష్యం ప్రవేశపెట్టను.

మీరు నా పక్షం జాగ్రత్తగా వాదించండి. నిలకడగా, లోకం మీద కోపం లేకుండా. అక్కడ నేను తరచు ఓడిపోతాను.

మీ
ప్రణతి

తా.క. టార్పాలిన్ తాడు ఒక్కరే లాగకండి. సుహాస్‌ను పిలవండి.

*

ఫిల్మ్‌నగర్
21 జూలై 2025

చిరంజీవి ప్రణతికి,

కొంప మునిగింది తల్లీ. నువ్వు మరీ బాగా రాశావు.

బోనాల డప్పులు పక్క వీధిలో మోగుతుండగా మొదలుపెట్టాం. సుహాస్ నీ ప్రసంగం చదివాడు. వాడి గొంతులో అంత బరువుందని వాళ్ళమ్మకే తెలియదు. "మనం ఎవరినైతే మట్టిలో దాచామో వాళ్ళు మనకంటే ముందు లేస్తారు" అన్న చోట ఆడవాళ్ళు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. నేను తల ఎత్తలేదు.

తర్వాత నా వంతు. నీ పక్షం. ఆవగింజ చెట్టయిన ఉపమానం చెప్పాను, పులిసిన పిండి చెప్పాను. కాసేపు బాగానే సాగింది. తర్వాత చెప్పాల్సింది మరిచిపోయి, తెలిసింది చెప్పాను. ఇన్నేళ్ళూ సెట్లు వేశాను, కెమెరా చూడని వైపు ఏనాడూ రంగు వేయలేదు, అక్కడ ఒట్టి కర్రలూ మేకులే, ఎవరూ చూడరు గనుక అక్కర్లేదు అనుకున్నాను, చనిపోయేలోగా నాలుగు వైపులా గోడ ఉన్న ఇల్లు ఒక్కటన్నా నా చేత్తో కట్టాలని ఉంది అన్నాను. ఆ మాట నాలో ఉందని అప్పటిదాకా నాకు తెలియదు. అది నీ పక్షమో నా పక్షమో కూడా తెలియలేదు.

కూర్చున్నాక నీలమ్మ లేచింది. "ఏందన్నా, నిన్నటిదాక రేపే వస్తడంటివి, గిప్పుడు గోడలు కడ్తనంటవు! సుహాస్ గాడు చదివింది విన్నవా? నా పెనిమిటి గంత దగ్గర్ల ఉన్నడంటే నాకు ఇటుకలెందుకు? కాగితం వద్దు, ఏం వద్దు" అంది. "నువ్వే కదమ్మా మొన్న పిల్లలతో తిరిగి సంతకాలు పెట్టించింది" అంటే, "గది మొన్న. గిది నేడు" అంది. ఆమె వెనక సగం మంది లేచారు. మొన్న కట్టాలన్నవాళ్ళు ఇప్పుడు వద్దంటున్నారు. మొన్న వద్దన్న నేను ఇప్పుడు పెడతానంటున్నాను. కొందరు నన్నే అనుమానంగా చూస్తున్నారు, పరబ్రహ్మం గారు ఏమైనా మాయ చేశారేమో అని.

సంఘం ఒప్పుకోకుండా నేను సంతకం పెట్టకూడదు. పైగా ఇంకోటి. పెడతానన్నానే గాని, ఆ అంకె రాయాల్సి వచ్చేసరికి నా చెయ్యి ఆగదని చెప్పలేను.

పరబ్రహ్మం గారి సంగతి అసలు అర్థం కావడం లేదు. నిన్న ఎదురుపడితే ముభావంగా నమస్కారం పెట్టి వెళ్ళిపోయారు. వచ్చే సోమవారం వరకే గడువు. ఆదివారం సంఘం మళ్ళీ కూడుతుంది. నువ్వు రేపిన నిప్పు నువ్వే ఆర్పు. లేదా సరిగ్గా వెలిగించు.

పోటీలో గెలిచావని మీ అమ్మ చెప్పింది. సంతోషం.

మామయ్య

*

గచ్చిబౌలి
25 జూలై 2025, శుక్రవారం

ప్రియమైన మామయ్యకు,

ఇది మీకు రాస్తున్నా, సగం నుంచి సంఘానిది. ఆ సగాన్ని ఆదివారం సుహాస్ చేత చదివించండి.

ముందు మీకు. నేను ఈ ఉదయం జూబ్లీహిల్స్‌లో పరబ్రహ్మం గారి ఇంటికి వెళ్ళాను. శ్రావణ శుక్రవారం, ఇంటి నిండా పసుపు వాసన. భార్య జ్ఞానప్రసూనాంబ గారు తాంబూలం ఇవ్వాలా వద్దా అని ఒక్క క్షణం ఆగి, "పండు తీసుకోవడానికి మీకు అభ్యంతరం ఉండదు కదమ్మా?" అని రెండు అరటిపండ్లు చేతిలో పెట్టారు. ఆయన ముభావానికి కారణం తెలిసింది. "ఆషాఢం, శ్రావణం అని నా ఆచారం మీ మామయ్య మీద రుద్దాను. అందుకే మనసు కష్టపెట్టుకుని సంతకం పెట్టనంటున్నాడని అనుకున్నానమ్మా. ఎదురుపడితే ఏం మాట్లాడాలో తోచలేదు" అన్నారు. అసలు కారణం చెప్పాను. చాలాసేపు నవ్వారు, తర్వాత అత్తయ్య మాట చెబితే నవ్వు ఆపేశారు.

నేను అడిగింది ఒకే ఒక్క మార్పు. కాలపరిమితి దగ్గర "ముప్పై సంవత్సరములు" అన్న చోట, "ముప్పై సంవత్సరములు లేదా ప్రభువు రాకడ, ఏది ముందైతే అది" అని ఉండాలని. డాక్యుమెంట్ రైటర్‌కు ఫోన్ చేశారు. అతను, "సార్, రాకడ తేదీ కాలమ్‌లో ఏం వేయమంటారు?" అన్నాడు. పరబ్రహ్మం గారు, "తెలిస్తే నీకే ముందు చెబుతాను, నువ్వు రాయవయ్యా" అన్నారు. తర్వాత నాతో, "ఆ షరతు నాకేం నష్టం అమ్మాయీ? మీ ప్రభువు వచ్చినా, మా కల్కి వచ్చినా, ఆ పూట స్థలం అద్దె అడిగేవాడెవడు?" అన్నారు. చిత్తుప్రతి తయారైంది. సోమవారం పది గంటలకు రమ్మన్నారు.

మామయ్యా, ఆ అంకె పక్కన ఇప్పుడు ఆయన రాకడ కూడా ఉంది. ముప్పై అన్నది మనం ఒక స్థలయజమానిని అడుగుతున్న గడువు మాత్రమే. అత్తయ్యను కలిసే రోజును ఆ కాగితం ఒక్క గంటైనా వెనక్కి జరపలేదు. మీ ఆశను వదులుకోమని నేను అనను. ఆ ఆశ మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా ఆ వాక్యంలో రాయించి తెచ్చాను.

ఇక్కడి నుంచి సంఘానికి.

పెద్దలకూ, తల్లులకూ, నా తోటివాళ్ళకూ వందనాలు. పోయిన శనివారం సుహాస్ నోట మీరు విన్న మాటలు నావి. వాటిలో ఒక్క అక్షరం వెనక్కి తీసుకోను. ఆయన వస్తాడన్నాను. చనిపోయినవాళ్ళు లేస్తారన్నాను. కట్టవద్దని మాత్రం అనలేదు. ఆ మాట మీరు చేర్చారు.

నీలమ్మ పిన్నీ, నీకు ప్రత్యేకంగా చెబుతున్నాను, కోప్పడకు. ఓదార్పు ఉత్తరం ఎవరికి వచ్చిందో, వాళ్ళకే తర్వాత ఇంకో ఉత్తరం వచ్చింది: పని మానకండి, ఎవరి అన్నం వాళ్ళు సంపాదించుకుని తినండి అని. రెండు ఉత్తరాలూ ఒకే చేతివి. మొదటిది గుండెకు హత్తుకుని రెండోది చింపేయకూడదు. పట్టణం చుట్టూ శత్రుసేన దిగి ఉండగా, రేపో మాపో అంతా కాలిపోతుందని తానే ప్రవచించిన ప్రవక్త, అదే ముట్టడి రోజుల్లో ఆ దేశంలో పొలం కొని, సాక్షుల చేత సంతకాలు పెట్టించి, కాగితాన్ని కుండలో భద్రం చేశాడు. అంతం దగ్గరపడిందని తెలిసినవాడు చేసిన పని అది. అది అవిశ్వాసమా?

చాలా కాలం ఉందనేవాళ్ళకు కూడా ఒక మాట. ఉంటే ఉండనివ్వండి. మన మనవలు పాడుకునే గోడలు కట్టడానికి మీకంటే ఎక్కువ కారణం ఎవరికుంది? మరి మీరెందుకు మౌనంగా కూర్చున్నారు? శ్రమల గుండా సంఘం నడుస్తుందనేవాళ్ళు, ఆ శ్రమల్లో వాన పడితే పిల్లలు ఎక్కడ తలదాచుకుంటారో చెప్పండి. ఆయన ఇప్పుడే ఏలుతున్నాడనేవాళ్ళు, ఏలుతున్న రాజు పేరున టార్పాలిన్ కింద కూర్చోవడం గౌరవమేనా?

నాలుగు అభిప్రాయాలనూ పక్కపక్కన పెట్టి చదివాను. ఇంకా చదువుతాను. ఏది సరైందో నేను ఇప్పటికీ తేల్చుకోలేదు, తేల్చుకున్నానని అబద్ధం చెప్పను. కానీ నలుగురూ కలిసి చేయి పెట్టగల వాక్యం ఒకటుంది: ఆయన వస్తాడు, ఎప్పుడో మనకు తెలియదు. సోమవారం సంతకం పెట్టే కాగితంలో ఉన్నది అదే. ఈ సంఘంలో ఇంతమంది వేర్వేరుగా నమ్మేవాళ్ళు ఒక్క అక్షరం దాచుకోకుండా చదవగలిగే కాగితం మనకు ఇంతకుముందు దొరకలేదు.

వరప్రసాద్ మామయ్య పెద్దగా మొదటి సంతకం పెడతారు. ఆయన చెయ్యి ఆగవచ్చు. ఆగితే ఆగనివ్వండి, తొందరపెట్టకండి. కానీ ఆ సమయంలో ఆయన ఒంటరిగా నిలబడకూడదు.

సుహాస్, ఇక ఈ చివరి మాట చదివి కూర్చో. సంఘమా, నేను కోరేది ఒక్కటే, అది ఇప్పుడే, ఈ ఆరాధన ముగిసేలోపే కావాలి: సోమవారం పది గంటలకు ఆయన వెనక సాక్షిగా నిలబడగల ప్రతి ఒక్కరూ లేచి, మీ పేరు మీ నోటితో చెప్పండి.

ప్రణతి